మట్టి మిద్దె మీద మా వంతు

2015 ఏప్రిల్ 3, గుడ్ ఫ్రైడే. తిన్నది పెరుగన్నం, మాగాయ. సిలువ మీద పలికిన ఏడు మాటలకీ ఏడుగురు లేచి ప్రసంగాలు చేసి, ఎవరి మాటనీ ఎవరూ కుదించుకోక, ఒమాన్ దేశంలో, సోహార్‌లో మా తెలుగు సంఘం ఆరాధనకి వాడుకునే హాల్లో ఆకలి తనని తాను మరిచిపోయిన వేళ, సెలిన్ ఒక స్టీలు గిన్నె మూత తీసి నా కాగితం పళ్లెంలో రెండు గరిటెలు వడ్డించి, పక్కన ఒక టెంక పెట్టింది. ముక్క కాదు, టెంక. మా ఇంట్లో మాగాయ టెంక ఎప్పుడూ మా ఆవిడ దీవెనమ్మదే. ఆస్పత్రి డ్యూటీ నుంచి వచ్చి, యూనిఫారం కూడా మార్చకుండా, వంటింటి గట్టుకి ఆనుకుని దాన్ని చీకుతూ ఆ రోజు వార్డు కబుర్లన్నీ చెప్పేది. ఆవిడ పోయాక ఈ మూడేళ్లలో నేను మాగాయ తినలేదని కాదు. తిన్నాను, మా అమ్మాయి బ్యూలా ఏది పెడితే అది తిన్నాను, బాగుందన్నాను. కాని ఆ రోజు ఆ హాల్లో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని టెంక చీకుతూ ఉంటే పులుపు వచ్చి దవడ మూలన గుచ్చింది, కళ్లు మూతలు పడ్డాయి, ఓహో, ఇది రుచి కదూ అనుకున్నాను. ఇంకొంచెం పెట్టమని చెయ్యి చాపాను. ఇదంతా ఇప్పుడెందుకంటే, వెల్లకిలా పడుకున్న నాకు పైన కనిపిస్తున్న ఖర్జూరపు మాను దూలాలు అచ్చం చీకి పారేసిన టెంకల్లా ఉన్నాయి, పీచు పీచుగా, తేనె రంగులో, ఎవరో దైవాంశ ఉన్న మనిషి తీరిగ్గా చీకి, కడిగి, వరసగా పేర్చినట్టు.

ఏ కాలంలో పేర్చారో. ఈ కొండ ఊళ్లో కింది వరస రాళ్లు ఫార్సీ వాళ్ల కాలానివని ఒకరంటారు, అంతకు ముందువని ఒకరంటారు. పై మట్టి ఎన్నిసార్లు కూలిందో, ఎన్నిసార్లు మెత్తారో. ఊరివాళ్లంతా కిందికి దిగి సిమెంటు ఇళ్లు కట్టుకున్నాక ఈ పాత పేట పాడుబడిపోయింది. ఇప్పుడు దాని మధ్యలో నాలుగు ఇళ్లు బాగుచేసి, పరుపులు వేసి, సెలవులకి వచ్చేవాళ్లకి ఇస్తున్నారు. బాగుచేశారంటే పడగొట్టి కట్టడం కాదు. కూలిన గోడ కూలినంతవరకూ ఉంది, దాని పక్కనే నా పరుపుంది. ధాన్యం దాచుకున్న గది స్నానాల గది అయింది, గోడలో గింజల వాసన ఇంకా ఉందని నా ముక్కు అంటోంది, ముక్కుకి వయసొచ్చిందని నేనంటున్నాను. కిటికీ మనిషి కూర్చుంటే కళ్లకి అందేంత ఎత్తులో ఉంది, నిలబడేవాడి కోసం కాదు, అలిసి కూర్చున్నవాడి కోసం పెట్టారు. ఆ కిటికీలోంచి పక్కింటి వంటగది కనిపిస్తోంది. దానికి పైకప్పు లేదు, పొయ్యి ఉన్నచోట దానిమ్మ చెట్టు మొలిచి నాలుగు కాయలు కాసింది. దీవెనమ్మకి రోమ్ చూడాలని ఉండేది, పౌలు గారిని బంధించిన చెరసాల, పాత స్తంభాలు, శిథిలాలు. నేను హైస్కూలు పిల్లలకి బోర్డు మీద ఆ స్తంభాలు గీసి చూపించిన చరిత్ర మాస్టారిని, ఏనాడూ తీసుకెళ్లలేకపోయాను. శిథిలాల్లో కాపురం ఉండొచ్చని, అందులో వేడినీళ్లు కూడా వస్తాయని తెలిస్తే ఎంత నవ్వేదో. బ్యూలా నా ఎడమచేతి వైపు నీళ్ల సీసా పెట్టి వెళ్లింది, కుడి భుజం పట్టేసిందని నేను చెప్పనేలేదు, ఎప్పుడు చూసిందో. నర్సుకి పుట్టిన నర్సు. అల్లుడు ఫెలిక్స్ దుఖుమ్‌లో పనిచేస్తాడు, సెలవు దొరికితేనే ఇంటికి వస్తాడు. కింద తోటల్లో ఫలజ్ ఉంది, కొండలోంచి తెచ్చిన నీటి కాలువ, అందులో కాళ్లు పెట్టి వస్తానని వెళ్లింది. పొద్దు కుంకే లోపల వచ్చేస్తుంది. వచ్చేలోపల నేను ఒక వాక్యం తయారు చేసుకోవాలి. ఎదురుగా గోడ గూట్లో, పూర్వం వాళ్లు దీపం పెట్టుకున్న చోట, ఆమె ఫోను చార్జింగ్‌లో ఉంది. నల్లగా, బుద్ధిగా, ఏమీ తెలియనట్టు.

ఆ ఫోనుకి ఇంకా నిజంగానే ఏమీ తెలియదు, అదే నా అదృష్టం. సోహార్ నుంచి వస్తూ బర్కా దాటకముందే చార్జింగ్ అయిపోయింది, చార్జరేమో పెట్టె అడుగున ఉండిపోయింది, ఇక్కడికి వచ్చాక గోడలు ఇంత మందం, సిగ్నల్ లోపలికి రాదు. దయ ఏ రూపంలో వస్తుందో చెప్పలేం, ఒక్కోసారి మూరెడు మందం మట్టి రూపంలో వస్తుంది. నా ఫోను మాత్రం నిజ్వాలో టీ కోసం ఆగినప్పుడు మోగింది. సంఘ పెద్ద ఇమ్మానియేలు. పోర్టులో క్రేన్ల దగ్గర పని, మనిషి బంగారం, గొంతు కూడా క్రేన్ మీంచి మాట్లాడే గొంతే. మెసేజ్‌లో కూడా ఆ గొంతు వినిపించింది. “వందనాలు బ్రదర్. మీ విషయం గొలుసు ప్రార్థనలో పెట్టేశాం. మీరూ సెలిన్ సిస్టర్ గారూ వివాహం చేసుకునే విషయమై బర్కా నుంచి షినాస్ దాకా అందరూ భారంతో ప్రార్థిస్తున్నారు. ఏమాత్రం దిగులు పడకండి.” టీ గొంతులో అడ్డం పడింది. బ్యూలా వచ్చి వీపు మీద తట్టి, మెల్లిగా తాగు నాన్నా, ఎవడూ లాక్కుపోడు అంది.

గొలుసు ప్రార్థన అంటే, ఇంటికో గంట. సముద్రం ఒడ్డున బర్కాలో తోట పనివాళ్ల రూములో మొదలవుతుంది, ఒకరి గంట అవగానే తర్వాతి ఇంటికి ఫోన్ చేసి మా వంతు అయింది, ఇక మీ వంతు అని అప్పజెప్పాలి. అలా ఒడ్డు వెంబడి ఉత్తరానికి పాకి, సోహార్‌లో మా ఇళ్లన్నీ తిరిగి, ఆఖర్న షినాస్‌లో సెలిన్ దగ్గర ముగుస్తుంది. గొలుసు తెగకూడదు. మా ఆవిడకి కీమో ఎక్కించిన రోజుల్లో గొలుసు ఆవిడ పేరు మీదే నడిచింది, తెగలేదు. ఏ అంశం మీద ప్రార్థించాలో ఆ రోజు గ్రూపులో పెడతారు. నేను ఇమ్మానియేలుతో అన్నది ఒక్కటే. బ్రదర్, బ్యూలాతో ఒక మాట మాట్లాడాల్సి ఉంది, ధైర్యం కోసం ప్రార్థించండి, అన్నాను. ఏ మాట అన్నాడు. చెప్పాను. ప్రార్థించమని అడిగి విషయం దాచిపెడితే ఎలా? అతనూ అలాగే అనుకున్నాడు కాబోలు, పేర్లు దాచి ప్రార్థిస్తే దేవుడికి ఎవరి మాటో ఎలా తెలుస్తుంది అనుకుని ఉంటాడు. ప్రార్థించమంటే మావాళ్లకి గుసగుసగా ప్రార్థించడం రాదు, ఆ సంగతి నలభై ఏళ్లుగా తెలిసిన నేనే మరిచిపోయాను. ఇక సోహార్ ఇళ్లలో ఆఖరి వంతు మాది, ఈ రాత్రి భోజనాల వేళకి. బ్యూలా ఏనాడూ తన వంతు తప్పలేదు, నైట్ డ్యూటీలో ఉంటే మందుల గదిలో నిలబడి కూడా చేసింది. ఇవాళ కూడా పైన మిద్దె మీదికి వెళ్తుంది, ఫోన్ తెరుస్తుంది, అంశం ఏంటా అని చూస్తుంది. ఆ అంశం తన తండ్రి పెళ్లి. అలా తెలియకూడదు. వాళ్లమ్మకి జబ్బని కూడా ఆ పిల్లకి ఒక రిపోర్టు కాగితమే ముందు చెప్పింది, మనుషులం మేం ఇద్దరం నోరెత్తలేకపోయాం. ఈసారి నా నోటితో చెప్పాలి. చెప్పి, ఆమె వద్దంటే, అక్కడితో సరి. సెలిన్‌కి ఆ మాట ముందే చెప్పేశాను.

గుమ్మంలో నీడ పడింది. ఇస్తారి. జగిత్యాల దగ్గరి మనిషి, సోహార్‌లో సైట్ మీద పనిచేసి, ఈ ఇళ్లకి మట్టి మెత్తడానికి వచ్చి, మెత్తడం అయిపోయినా ఇక్కడే ఉండిపోయాడు, ఇప్పుడు వంటా అతనే, కాపలా అతనే. చేతిలో కావా పాత్ర, ఇక్కడివాళ్ల కాఫీ, ఇంకో చేతిలో ఖర్జూరాల పళ్లెం. తలుపు ఎత్తు నా భుజం దాకానే ఉంది, అతను అలవాటుగా వంగి లోపలికొచ్చాడు.

“పండుకున్నరా సారూ? తల బాగానే ఉన్నదా? పొద్దుగాల వచ్చిన ఇటలీ దొర రెండుసార్లు తాకిచ్చుకున్నడు. వంగుమంటే వంగడాయె.”

“నేను ఒక్కసారే తాకించుకున్నాను” అన్నాను.

“చదువుకున్నోళ్లు ఒక్కసారికే నేర్సుకుంటరు తియ్యి. ఈ అర్రల ఇంతకుముందు మేకలుంటుండె సారూ. వాటికి చెప్పే పనే లేకుండె.” కావా చిన్న గిన్నెలో పోసి ఇచ్చాడు, యాలకుల వాసన గోడలకి కూడా నచ్చినట్టుంది, గదంతా కాస్త దగ్గరికి జరిగింది. “బువ్వ మిద్దె మీద వెడ్త. అజా అయినంక రాండ్రి. ఫోన్ జేసుకునేదుంటే పడమటి మూలకు నిలవడాలె, గక్కడొక్కదగ్గర్నే సిగ్నలొస్తది. మా ఇంటామె లస్మవ్వతోని రోజు గక్కడికెళ్లే మాట్లాడుత. ఒక్క అడుగు ఇటు జరిగినమంటే ఆమె తిట్లు సగంలనే తెగిపోతయ్.”

“అయ్యో.”

“అయ్యో ఏంది సారూ, ఒక్కోపారి నేనే జరుగుత” అని నవ్వి, వంగి, వెళ్లిపోయాడు.

సెలిన్ అయితే జరగనివ్వదు. జరిగినా ఆ గొంతు వెంట వస్తుంది. దీవెనమ్మ అంటుండేది, ఆ పిల్ల నోటికి వీక్లీ ఆఫ్ కూడా లేదండీ అని. ఇద్దరూ సోహార్‌లో ఒకే వార్డు, ఒకే షిఫ్టు, తర్వాత సెలిన్‌ని షినాస్‌కి మార్చారు. నరసాపురం మనిషి, యాభై దాటింది, పెళ్లెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే డ్యూటీలో ఉండిపోయానండి అంటుంది, అంతకు మించి చెప్పదు, అన్ని మాటలు మాట్లాడే మనిషి అక్కడ మాత్రం ఆగుతుంది. గుడ్ ఫ్రైడే మర్నాడు ఫోన్ చేసి, మాగాయ ఇంకో సీసా పంపించనా మాస్టారూ అంది. సీసా వచ్చింది. ఖాళీ సీసా ఊరికే ఎలా పంపిస్తాను, బెల్లం వేసి పంపాను. అందులో సున్నుండలు వచ్చాయి. వేసవంతా ఒక గాజు సీసా సోహార్‌కీ షినాస్‌కీ మధ్య కంపెనీ బస్సుల్లో, ఎవరెవరి చేతుల్లోనో ప్రయాణం చేసింది, పగలకుండా. అక్టోబరులో ఒక సాయంత్రం సముద్రం ఒడ్డున బెంచీ మీద, బ్యూలా పిల్లల వార్డులో డ్యూటీలో ఉండగా, సెలిన్ ఉన్నట్టుండి, మాస్టారూ, ఈ సీసాకి వయసైపోతోంది, మనిద్దరం ఒక్కచోటే వండుకుంటే సరిపోదా అంది. నేను సముద్రం వైపు చూశాను. సముద్రం తన పని చూసుకుంటోంది. తొందరేం లేదండి, ఆలోచించి చెప్పండి, నేను మాత్రం ఆలోచించేశాను అంది. బ్యూలాని అడగాలన్నాను. అడగడమా, చెప్పడమా అంది. అడగడమే అన్నాను. సెలిన్ తల ఊపింది, ఆ రోజు ఇంక మాట్లాడలేదు, షినాస్ బస్సు వచ్చేదాకా, అంతసేపు. ఆ మౌనం చూసి నాకు భయం వేసింది, ఆ తర్వాత ఆ మౌనమే నాకు బాగా గుర్తుండిపోయింది, మాటలకన్నా.

కిటికీ మీద ఎండ నారింజ నుంచి ఎరుపుకి వస్తోంది. దానిమ్మ కాయలు వెలుగుతున్నాయి. ఎవరో ఒక ఇల్లాలు అక్కడే రొట్టెలు కాల్చి ఉంటుంది, పొగకి కళ్లు తుడుచుకుని ఉంటుంది, ఆమె పొయ్యి బూడిదే ఈ చెట్టుకి ఎరువు. చూశావా, మొదలెట్టాను. ఏది చూసినా పాఠం చేసేస్తాను, దీవెనమ్మ ఉంటే, మాస్టారు గారూ, గంట కొట్టారు, పిల్లలు వెళ్లిపోయారు అనేది. వాక్యం ఇంకా తయారు కాలేదు. అమ్మా బ్యూలా, సెలిన్ గారు ఉన్నారు చూడు. ఉన్నారు, ఉంటే? అమ్మా, మనిషన్నాక. వద్దు, మనిషన్నాక అని మొదలైన వాక్యం ఎక్కడా బాగా ముగియగా చూడలేదు. ఫోన్‌ని ఆ గూట్లోంచి తీసి పరుపు కింద పెడితే? లేచాను కూడా, దాని దగ్గరికి వెళ్లాను, చేతిలోకి తీసుకున్నాను. వెనక కవరు మీద దీవెనమ్మ ఫోటో, చిన్నది, పాస్‌పోర్టు సైజుది, పారదర్శకమైన ప్లాస్టిక్ కింద, నవ్వాపుకుంటున్న మూతితో. దాన్ని ఎలా ఉన్నదాన్ని అలాగే పెట్టేసి, వచ్చి కూర్చున్నాను.

మసీదు నుంచి అజాన్ మొదలైంది, లోయలో ఒకచోట మొదలై, కొండ తగిలి, రెండోసారి వచ్చింది. దాని వెనకే మెట్ల మీద తడి అడుగులు. బ్యూలా చెప్పులు చేత్తో పట్టుకుని వచ్చింది, పంజాబీ డ్రస్సు పాదాల దగ్గర తడిసి ముదురు రంగుకి తిరిగింది, మొహం మాత్రం చిన్నప్పటి మొహం, కాలువ దగ్గరికి వెళ్లొద్దంటే వెళ్లొచ్చిన మొహం.

“నాన్నా, ఆ నీళ్లున్నాయి చూడు, ఐసు! చేపలొచ్చి వేళ్లు కొరికాయి. రేప్పొద్దున్న నిన్ను తీసుకెళ్తా. అదేంటి అలా కూర్చున్నావ్? బీపీ మాత్ర వేసుకోలేదా?”

“వేసుకున్నాను. కూర్చో అమ్మా.”

“కూర్చోడానికేం లేదు, ఆకలి దంచేస్తోంది. పైకి పద. ఇవాళ వంతు మనదేగా, ప్రార్థన అంశం కూడా చూసుకోవాలి.” గూట్లోంచి ఫోను తీసింది, వైరు పీకింది, తెరిచి, మూతి ముడిచి, ఇక్కడ ఒక్క గీత కూడా లేదు అని తలుపు వైపు వంగింది.

“అంశం నేను చెప్తాను” అన్నాను.

“నీకెలా తెలుసు?”

“ఇవాళ ఒకటే అంశం. నేనే.”

ఆమె వంగినది వంగినట్టే ఆగి, వెనక్కి తిరిగి, నా మొహం చూసి, చెప్పులు కింద పెట్టింది. నర్సు చూపు, ఎక్కడ నొప్పి అని వెతికే చూపు. నీకేమైంది అంది, గొంతు మారిపోయింది, ఏ రిపోర్టు వచ్చింది, ఎప్పుడు చేయించావ్ అంది. కాదమ్మా, జబ్బు కాదు అన్నాను. ఇక తయారు చేసుకుందామనుకున్న వాక్యం కోసం చూడలేదు. సెలిన్ గారూ నేనూ పెళ్లి చేసుకుందామని అనుకుంటున్నాం, అన్నాను. నీకు చెప్పడానికి ధైర్యం కోసం ఇమ్మానియేలుని ప్రార్థించమన్నాను, అతను గొలుసులో పెట్టేశాడు.

ముందు ఆమె మొహంలో భయం పోయింది, జబ్బు కాదన్న ఊరట ఒక్క క్షణం నిలబడింది, ఆ తర్వాత అది కూడా పోయింది.

“ముందు ఇమ్మానియేలు అంకుల్‌కి చెప్పావా?”

“ధైర్యం చాలక...”

“బర్కాలో ఖర్జూరం చెట్లెక్కే వాళ్లకి తెలుసు. షినాస్‌లో తెలుసు. మా వార్డులో ఆయమ్మకి కూడా తెలిసే ఉంటుంది, ఆవిడ ఆ గ్రూపులోనే ఉంది. ఒకే ఇంట్లో ఉంటాం నాన్నా మనం! నీకూ నాకూ మధ్య ఒక గోడ, అదీ జిప్సం బోర్డు! ఇప్పుడు నువ్వు నాకు చెప్తున్నావా, అడుగుతున్నావా?”

“అడుగుతున్నాను.”

“వద్దంటే?”

“వద్దంటే వద్దు. మళ్లీ ఎత్తను.”

“అదిగో, అలా నా మీద పెట్టకు” అంది, కళ్లలో నీళ్లు తిరిగాయి, “నీ బతుకు తెచ్చి నా నోట్లో పెట్టకు.” వంగి, తలుపు దాటి, చెప్పులు మరిచిపోయి, వట్టి కాళ్లతో మెట్లెక్కి వెళ్లిపోయింది.

నిజమే కదా. పెట్టాను. గౌరవం అనుకున్నాను, బరువు అని తట్టలేదు. కూర్చున్నాను. గదిలో వెలుగు తగ్గుతూ ఉంటే గోడలో కలిపిన గడ్డిపోచలు మాత్రం కాసేపు మెరిశాయి. చిత్రమేమిటంటే గుండె తేలిగ్గానే ఉంది, చెప్పేశాను కదా, ఇక ఏదైనా దాని తర్వాతే. సెలిన్‌కి ఏం చెప్పాలి? సీసా ఇక పంపించొద్దని ఎలా చెప్తారు మనుషులు? పైన మిద్దె మట్టి మీద అడుగులు అటూ ఇటూ తిరుగుతున్నాయి, ఖర్జూరపు దూలాల మధ్య నుంచి సన్నటి ధూళి రాలుతోంది, నా మీద, పరుపు మీద. పడమటి మూలకి వెళ్లి ఆగాయి. చూస్తోంది అన్నమాట. ఇంతలో ఇస్తారి గొంతు, “సారూ, రాండ్రి, బిడ్డ ఒక్కతే కూసున్నది. షోర్వ సల్లారుతున్నది.”

మిద్దె మీద చాప, చాప మీద గిన్నెలు, మాంసం షోర్వా, పల్చటి ఒమానీ రొట్టెలు, ఉల్లిపాయ, నిమ్మకాయ. చుట్టూ కూలిన ఇళ్ల గోడలు చీకట్లో వరసగా ఆగిపోయిన అలల్లా ఉన్నాయి, కింద కొత్త ఊళ్లో దీపాలు వెలిగాయి, ఆకాశం పెద్దది. బ్యూలా నా వైపు చూడకుండా రొట్టె తుంచి నా గిన్నెలో వేసింది. ఎముక లేని ముక్కలు ఏరి ఇటు జరిపింది, కోపంలో కూడా ఆ చేతికి ఏం చెయ్యాలో తెలుసు. నేను తిన్నాను. తినకపోతే ఇంకా తప్పు. ఆమె ఏమీ తినకుండా ఫోన్ చూసి, “మన టైమైంది” అంది.

“ఈ రోజుకి ఇమ్మానియేలుని చెయ్యమంటానమ్మా.”

“వంతు వంతే. గొలుసు తెగకూడదు. అమ్మప్పుడు తెగలేదు.” చున్నీ తల మీదికి లాక్కుంది, కళ్లు మూసుకుంది. నేనూ మూసుకున్నాను, కొంచెం.

“ప్రభువా, స్తోత్రం. ఈ గంట మా వంతు. అంశం నీకు తెలుసు. అందరికన్నా ముందు నీకు తెలిసింది, తర్వాత ఇమ్మానియేలు అంకుల్‌కి, తర్వాత ఒడ్డు పొడుగునా అందరికీ. ఆఖర్న నాకు. అది నాకు నొప్పిగా ఉంది. నొప్పి లేదంటే నీ దగ్గర అబద్ధమాడినట్టే.” ఆగింది. గిన్నె పట్టుకుని మెట్ల దగ్గరికి వచ్చిన ఇస్తారి అక్కడే ఆగి, తలగుడ్డ తీసి చంకలో పెట్టుకున్నాడు. “మా నాన్న మంచాయన. నేను డ్యూటీ నుంచి వచ్చేదాకా తినకుండా కంచం బోర్లించుకుని కూర్చుంటారు. ఆ కంచాన్ని చూస్తే నాకు మెట్ల మీదే ఏడుపొస్తుంది. నైట్ డ్యూటీకి వెళ్తూ టీవీ ఆపకుండా వెళ్తాను, ఇంట్లో ఏదో ఒక గొంతు ఉంటుందని. ఫెలిక్స్ దుఖుమ్ నుంచి వచ్చినప్పుడల్లా టీవీ ఎందుకు ఆపవంటాడు. నేను చెప్పలేదు. నేనూ చెప్పలేదు ప్రభువా, ఆయనొక్కరే కాదు.” నేను కళ్లు పూర్తిగా మూసుకున్నాను. “సెలిన్ ఆంటీ... అమ్మకి జుట్టు ఊడిపోతున్న రోజుల్లో, ఉన్న నాలుగు పోగులకీ ఆవిడే జడ వేసేది. నేను వెయ్యలేకపోయేదాన్ని. ఆవిడ వేస్తూ ఏదో ఒకటి వాగుతూనే ఉండేది, అమ్మ నవ్వేది. ఆ వాగుడుకి నువ్వు ఏమైనా చెయ్యగలిగితే చెయ్యి. లేకపోతే మాకు ఓపిక ఇయ్యి. అమ్మ ఫోటో హాల్లోంచి కదలకూడదు. ఇది మనవి కాదు, గట్టిగా చెప్తున్నా, నువ్వే చూసుకోవాలి. ఇంకేం చెప్పాలో నాకు తెలీదు. మిగతా గంట ఊరికే కూర్చుంటాను. నువ్వు కూడా కూర్చో. ఆమెన్.”

ఆమెన్ అన్నాను. మాకు అంది. మాకు ఓపిక ఇయ్యి అంది. ఆ ‘మాకు’లో ఎంతమంది ఉన్నారో లెక్క పెట్టుకోలేకపోయాను, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాను, వాటికేమీ కాలేదు, షోర్వా ఆవిరి అనుకోవచ్చు ఎవరైనా. గంట నిజంగానే ఊరికే కూర్చున్నాం. మధ్యలో ఆమె చల్లారిన రొట్టె తీసుకుని తినడం మొదలెట్టింది, ఒకటి, ఇంకోటి. దూరంగా ఒక గాడిద తన అభిప్రాయం చెప్పింది, బ్యూలాకి నవ్వొచ్చింది, ఆపుకుంది, అచ్చం ఫోటోలో వాళ్లమ్మ మూతి. ఇస్తారి మెల్లిగా, “అయిందా బిడ్డా? పాయసమున్నది, ఖర్జూరం పాయసం. ఇటలీ దొరకు పెట్టలే, మీకే దాచిన” అన్నాడు.

“పెట్టు అన్నా” అంది, ఫోను తీసుకుని లేచింది. సోహార్ అయిపోయింది, ఇక షినాస్. గొలుసు అప్పజెప్పాలి. ఒక అడుగు వేసి, వెనక్కి తిరిగి, “నువ్వు కిందికి వెళ్లి పడుకో నాన్నా, చలేస్తుంది. ఇది నేను మాట్లాడతాను. నువ్వు ఉండకు” అంది.

కిందికి వచ్చాను, తల వంచి, ఈసారి తగలకుండా. పడుకున్నాను. పైన పడమటి మూలన అడుగులు నిలిచాయి. మాటలు దిగడం లేదు, గొంతు మాత్రం దిగుతోంది, మట్టిలోంచి వడకట్టినట్టు మెత్తగా. మొదట పొడిపొడిగా, మా వంతు అయింది, ఇక మీ వంతు అన్నంత పొడుగే. ఆ తర్వాత చాలాసేపు నిశ్శబ్దం. ఫోన్ పెట్టేసిందనుకున్నాను, పెట్టలేదు, వింటోంది. షినాస్‌లో ఆ మనిషి ఏం చెప్తోందో, చెప్తూనే ఉంది, ఉంటుంది. అమ్మ అన్న మాట ఒకసారి దిగింది. ఒకసారి ముక్కు చీదిన చప్పుడు. ఒక్క అడుగు ఇటు జరిగితే తెగిపోతుంది కదా, జరుగుతుందేమో అని ఆ అడుగుల వైపే చెవి పెట్టాను. జరగలేదు. ఆ పైన, ఎప్పటికో, నవ్వు. చిన్నది కాదు, పెద్ద నవ్వు, వాళ్లమ్మ వంటింట్లో వార్డు కబుర్లు చెప్పినప్పుడు నవ్వే నవ్వు, “ఆంటీ, ఛీ, ఊరుకోండి!” అని తేటగా వినిపించింది. నేనేం చేశానని చెప్పుకుంటున్నారో, ఎవరి మీద నవ్వుతున్నారో, నా మీదే అయి ఉంటుంది, పోనీ, ఎంతసేపైనా నవ్వుకోనీ. కళ్లు మూతలు పడుతున్నాయి. కింద ఫలజ్ పారుతోంది, ఎవరి వంతు నీళ్లో వాళ్ల తోటకి. మెట్ల మీద వట్టి కాళ్ల అడుగులు వచ్చాయి, గుమ్మంలో ఆగాయి, నిద్రపోయాననుకుంది, లోపలికి వచ్చి జారిన దుప్పటి నా కుడి భుజం మీదికి లాగింది, దీపం తగ్గించింది. బయటికి వెళ్లి, బరువైన పాత చెక్క తలుపు కిర్రుమనకుండా రెండు చేతులతో కొంచెం పైకెత్తి పట్టుకుని, మెల్లిగా మూసింది.